నల్లని తెరపై మాటామంతీ

గుంటూరు జిల్లా నుండి ఒక గృహిణి మాకు వ్రాసిన ఉత్తరము ఈ ప్రసంగమునకు కారణము. ఆమె కుమారుడు పాలిటెక్నిక్ విద్యార్థి. రాత్రి భోజనములైన పిదప అతడు కంప్యూటరు ముందు కూర్చుండును. తెర నల్లగా నుండును. దానిపై తెల్లని అక్షరములు వరుసలు వరుసలుగా పైకి ప్రాకిపోవుచుండును. బొమ్మ లేదు, పాట లేదు, నొక్కుటకు రంగుల గుర్తులైనను లేవు. అతడు ఏదో వ్రాయును. ఎవరో బదులు వ్రాయుదురు. అతడు తనలో తాను నవ్వుకొనును. "ఏమిరా అది?" అని అడిగినచో, "నీకు తెలియదులే అమ్మా, కమాండ్ లైన్ చాట్" అని ఊరకుండునట. "వీడు చెడు సావాసములో పడలేదు గదా? అది యేమో, ఎట్లు పనిచేయునో, మాబోటివారికి తెలియునట్లు చెప్పగలరా?" అని ఆమె అడిగినది.

ఆ ప్రశ్నలో రెండు పాళ్లు కలవు. అది యేమి అన్నది ఒకటి. అందు అపాయము కలదా అన్నది రెండవది. మొదటిది తెలియనిదే రెండవదానికి బదులు చెప్పుట సాధ్యము కాదు. తెలియని వస్తువును గురించి కలుగు భయమును "భయపడకుము" అన్న మాట పోగొట్టజాలదు. కావున ముందు యంత్రమును గురించియు, పిదప దాని కావలి యొడ్డున నున్న మనుష్యులను గురించియు చెప్పుదుము.

కంప్యూటరుతో పని చేయించుకొనుటకు రెండు మార్గములు కలవు. దుకాణమునకు పోయి, అద్దాల బీరువా ముందు నిలిచి, "అది ఇమ్ము" అని వ్రేలు చూపుట ఒక మార్గము. నేడు చేతిఫోనుపై మనము చేయుచున్నది అదియే. బొమ్మను చూచి వ్రేలితో తాకుచున్నాము. సరకుల చీటీ వ్రాసి పంపుట రెండవ మార్గము. "కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అర కిలో" అని వ్రాసినచో చాలును; బీరువాను చూడనక్కరలేదు. చీటీ వ్రాయువానికి సరకుల పేర్లు తెలిసి యుండవలెను. అది అందలి కష్టము. కాని పేర్లు తెలిసినవానికి చీటీయే సులభము. పది సరకులు ఒక్క కాగితముపై ఇమిడిపోవును. కంప్యూటరుకు ఇట్లు చీటీ వ్రాయు చోటునే కమాండ్ లైన్ అందురు. అనగా ఆజ్ఞలు వ్రాయు వరుస. ఆ చీటీలు వ్రాయబడు నల్లని కిటికీకి టెర్మినల్ అని పేరు.

బొమ్మల తెరలు పుట్టుటకు పూర్వము కంప్యూటర్లన్నియు చీటీల మార్గముననే పనిచేసెను. ఒక పెద్ద యంత్రమునకు పలు టెర్మినళ్లు తగిలించి, పలువురు ఒక్కసారి దానిని వాడుకొనెడివారు. ఒక యంత్రముపై ఇందరు కూర్చున్నప్పుడు ఒకరితో నొకరు మాటలాడవలెనను కోరిక పుట్టుట సహజమే. 1983లో బర్క్లీ విశ్వవిద్యాలయమువారు విడుదల చేసిన యూనిక్స్ రూపములో "టాక్" అను ఆజ్ఞ యుండెను. అది తెరను అడ్డముగా రెండు భాగములు చేయును. పై భాగములో మనము వ్రాయునది, క్రింది భాగములో అవతలివారు వ్రాయునది కనబడును. అవతలివారు ఒక్కొక్క అక్షరమును కొట్టుటయు, తప్పుబోయి చెరుపుటయు కూడ మనకు కనబడును. ఇద్దరికి ఇది చక్కని సాధనము. కాని పదిమంది కూడి ముచ్చటించుకొనుటకు చాలదు.

ఆ కొరత తీరినది ఫిన్లాండు దేశమున. ఆ దేశమున ఉత్తరముగా, సముద్రతీరమున, ఔలు అను పట్టణము కలదు. అచటి విశ్వవిద్యాలయములో యార్కో ఓయికారినెన్ అను యువకుడు 1988 వేసవిలో కంప్యూటరు శాఖలో పనిచేయుచుండెను. ఊరివారు సందేశములు వ్రాసికొనుటకు అచట ఒక కంప్యూటరు పలక యుండెను. దానిపై పలువురు ఒక్కసారి మాటలాడుటకు వీలుగా నొక సాధనము చేయవలెనని అతడు పూనుకొని, ఆగస్టు మాసాంతమునకు సిద్ధము చేసెను. దానికి "ఇంటర్నెట్ రిలే చాట్" అని పేరు, క్లుప్తముగా ఐ.ఆర్.సి. అందురు. ఆ గృహిణి కుమారుని నల్లని తెర వెనుక నున్నది బహుశః ఇదియే. 1988లో పుట్టినది నేటికిని పనిచేయుచున్నది.

రిలే అను మాట రేడియో శ్రోతలకు క్రొత్త కాదు. ఢిల్లీలో చదివిన తెలుగు వార్తలను మన కేంద్రములు అందుకొని, తమ ప్రసారముగా మీ యింటికి పంపుట పలుకాలము జరిగినది. ఢిల్లీ గొంతు నేరుగా ప్రతి పల్లెకు రానక్కరలేదు. దగ్గరి కేంద్రమునకు వచ్చిన చాలును. ఐ.ఆర్.సి.లోని ఏర్పాటు సరిగా ఇట్టిదే. అచట కేంద్రముల స్థానమున సర్వరు లనబడు కంప్యూటర్లు కలవు. అవి చెట్టు కొమ్మలవలె ఒకదానితో నొకటి కలిసి యుండును. ఏ రెండు సర్వర్ల నడుమనైనను దారి ఒక్కటే; చుట్టుదారి లేదు. విజయవాడలో నొకడు ఒక సర్వరుకును, హెల్సింకీలో నొకడు మరియొక సర్వరుకును తగులుకొని యున్నారనుకొందము. మనవాడు వ్రాసిన వాక్యము అతని సర్వరునకు పోవును. అది ప్రక్క సర్వరునకు, అది ఆ ప్రక్కదానికి అందించును. ఒక్కొక్క లంకెపై ఆ వాక్యము ఒక్కసారియే ప్రయాణము చేయును. తుదకు ఆ గదిలో నున్న ప్రతివాని తెరపై అది కనబడును.

గది అంటిమి. దానిని వారు చానెల్ అందురు. రేడియోలో ఒక తరంగముపై ఒక కార్యక్రమము నడచునట్లు, ఒక చానెలులో ఒక విషయము నడచును. ఒకటి లినక్సును గురించి, ఒకటి చదరంగమును గురించి, ఒకటి ఊరక పిచ్చాపాటికి. చానెలు పేరుకు ముందు నాలుగు గీతల గళ్లగుర్తు ఒకటి వ్రాయుదురు. నేడు హాష్‌టాగ్ అని పిల్లలు పిలుచునది ఈ గుర్తే. 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా అను నతడు ట్విట్టరులో విషయములను కూర్చుటకు ఈ గుర్తును వాడుదమని సూచించెను. ఆ ఆలోచన ఐ.ఆర్.సి. చానెళ్లను చూచి వచ్చినదే. కావున మన పెండ్లి శుభలేఖలపై సైతము నేడు కనబడు ఆ గుర్తు, ఈ నల్లని తెరపై ఏండ్ల తరబడి మసలిన పిమ్మటనే వీధిలోనికి వచ్చినది.

ఈ సాధనము విద్యార్థుల ఆటవస్తువుగా నుండిపోలేదు. 1991 జనవరిలో గల్ఫు యుద్ధము నడచునపుడు, ఆ వార్తలకై దేశదేశములవారు దీనిపై గుమిగూడిరి. అదే సంవత్సరము ఆగస్టు 19 మొదలు 21 వరకు మాస్కోలో ప్రభుత్వమును కూలద్రోయ యత్నము జరిగినది. పత్రికలకు, రేడియోకు కట్టుబాట్లు విధింపబడిన ఆ మూడు దినములలో, అచటివారు వ్రాసిన వాక్యములు ఈ సర్వర్లమీదుగా బయటి దేశములకు చేరెను. 1993 మే మాసములో ఓయికారినెన్, డారెన్ రీడ్ అను నిరువురు ఈ పద్ధతి నియమములను గ్రంథస్థము చేసిరి. ఆ నియమములు బహిరంగములు. ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను దానికి తగిన సర్వరును గాని, వాడుకొను ప్రోగ్రామును గాని వ్రాయవచ్చును. ఈ మాట ముందు ముందు పనికివచ్చును, పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఇక ఆ కుర్రవాడు చేయు పని ఏమో చూతము. ఈ ప్రసంగమును వ్రాయుటకు ముందు మేమును చేసి చూచితిమి. నల్లని కిటికీలో మాటలాడుటకు "ఇర్సీ" అను ప్రోగ్రాము కలదు. దీనిని కూడ ఫిన్లాండువాడే, టిమో సిరాయినెన్ అను నతడు, 1999లో మొదటిసారి విడుదల చేసెను. ధర లేదు. టెర్మినల్ తెరచి, ఆంగ్లలిపిలో ఇర్సీ అని కొట్టి, ఎంటరు మీట నొక్కినచో తెర నిండుగా అది పరచుకొనును. అడుగున నొక వరుస ఖాళీగా నుండును. మనము వ్రాయవలసినది అందులోనే.

ఇచట నొక చిన్న నియమము కలదు. తక్కినదంతయు దానిపై ఆధారపడినది. వరుసలో మొదటి అక్షరము వాలుగీత, అనగా స్లాష్, అయినచో అది యంత్రమునకు ఆజ్ఞ. కానిచో అది మనుష్యులతో మాట. "స్లాష్ కనెక్ట్" అని సర్వరు పేరు వ్రాసినచో ఆ సర్వరును చేరుదుము. "స్లాష్ నిక్" అని వ్రాసి పేరు ఇచ్చినచో మనకు ఆ పేరు వచ్చును. మొదటి నియమములలో ఈ పేరు తొమ్మిది అక్షరములకు మించరాదు. నేటి సర్వర్లు పలు అంతకంటె ఎక్కువ ఒప్పుకొనుచున్నవి. "స్లాష్ జాయిన్" అని చానెలు పేరు వ్రాసినచో గదిలోనికి అడుగిడుదుము. ఆ వెంటనే గది తలుపుపై వ్రాసిన విషయమును, లోపల నున్నవారి పేర్లును కనబడును. ఇక వాలుగీత లేకుండ ఏది వ్రాసినను అందరికి వినబడును. ఒక్కరితో ఏకాంతముగా మాటలాడుటకు "స్లాష్ మెసేజ్" అను అర్థముతో మూడక్షరముల ఆజ్ఞ కలదు; దాని వెంట వారి పేరు, ఆపై మన మాట. గది విడుచుటకు "స్లాష్ పార్ట్". అంతయు విడిచి వెడలుటకు "స్లాష్ క్విట్". ఈ ఆరింటిని నేర్చినవాడు మాటలాడగలడు. మాకు అరగంట పట్టినది.

ఆ వాలుగీత ఎంత ముఖ్యమో తెలుపుటకు మా అనుభవమొకటి చెప్పుదుము. మనకు నచ్చిన పేరును ఇతరులు తీసికొనకుండ, రహస్యపదముతో దానిని నమోదు చేసికొనవచ్చును. మరునాడు వచ్చినపుడు ఆ పదమును చెప్పి "నేనే" అని నిరూపించుకొనవలెను. మాలో ఒకరు ఆ ఆజ్ఞను వ్రాయుచు వాలుగీతకు ముందు తెలియక ఒక ఖాళీ విడిచిరి. యంత్రము దానిని ఆజ్ఞగా గాక మాటగా తలచినది. రహస్యపదము ఆ గదిలోని పలువురి తెరలపై ప్రత్యక్షమైనది. ఒక అపరిచితుడు మర్యాదగా, "అయ్యా, వెంటనే ఆ పదమును మార్చుకొనుడు" అని వ్రాసెను, మేము మార్చుకొంటిమి. రహస్యపదమును గదిలో నుండగా కొట్టరాదు, సర్వరు కిటికీకి మరలి అచటనే కొట్టవలెనని నాటినుండి నియమము పెట్టుకొంటిమి.

మాట లేక ఊరకున్నను సర్వరు మనలను మరువదు. నడుమ నడుమ "పింగ్" అని పలుకరించును. మన ప్రోగ్రాము మనకు తెలియకయే "పాంగ్" అని బదులు చెప్పును. బదులు రానిచో, ఇతడు పోయెనని ఎంచి పేరును తీసివేయును. రాత్రివేళ పొలములో కావలివారు ఒకరి నొకరు కూత వేసి పలుకరించుకొనుట వంటిది. ఒక్కొక్కసారి రెండు సర్వర్ల నడుమ లంకె తెగును. చెట్టు కొమ్మ విరిగినట్లు, అవతలి వైపువారందరు ఒక్కసారిగా మాయమగుదురు. వారి తెరపై మనము మాయమగుదుము! ఇరుప్రక్కలవారు ఎదుటివారే పోయిరని తలంతురు. దీనిని "నెట్ స్ప్లిట్" అందురు. లంకె మరల కుదిరినపుడు అందరు గుంపుగా లోనికి వత్తురు. మధ్యలో చెప్పుకొనిన మాటలు మాత్రము అవతలివారికి చేరవు. మీ రేడియోలో వార్తల నడుమ కరెంటు పోయి వచ్చినట్లే. పోయిన వాక్యము మరల రాదు.

ఇంత పాతదానిని, ఇంత బోడిదానిని నేటివారు ఏల పట్టుకొని యున్నారు? దీనికి కారణములు కలవు. మొదటిది, అది తేలిక. బొమ్మలు లేవు గనుక సన్నని లైనుపై, పాత యంత్రముపై నడచును. రెండవది, అది అక్షరములే గనుక చూపు లేనివారికి అనుకూలము. తెరమీది వ్రాతను చదివి వినిపించు ప్రోగ్రాములు కలవు. వ్రేళ్లకు తగులునట్లు బ్రెయిలీ చుక్కలుగా మార్చు పలకలు కలవు. బొమ్మల తెరపై గుర్తు ఎచట నున్నదో వెదకవలసిన శ్రమ ఇచట తక్కువ. వరుస వెంట వరుస వచ్చును. చెవితో లోకమును తెలిసికొనువారి సంగతి రేడియోవారమైన మాకు బాగుగా తెలియును. కావున ఈ కారణమును మేము చిన్నదిగా తలపము.

మూడవది అన్నిటికంటె పెద్దది. అది, ఈ ఇల్లు ఎవరిది అను ప్రశ్న. నేడు మనము వాడు సందేశ సేవలు పెక్కు ఒక్కొక్క కంపెనీ సొత్తు. తలుపులు వారివి, తాళములు వారివి. కార్యాలయములలో వాడు స్లాక్ అను సేవ మొదట ఐ.ఆర్.సి. ప్రోగ్రాములకు ఒక ప్రక్క తలుపు తెరచి యుంచెను. నల్లని తెర అలవాటైనవారు ఆ తలుపున వచ్చి పోవుచుండిరి. 2018 మేలో ఆ తలుపు మూయబడినది. వాడుకొనువారికి చేయగలిగినది లేకపోయెను. దీనికి ఎదురుగా మరియొక దృష్టాంతము. ఫ్రీనోడ్ అనునది ఉచిత సాఫ్ట్‌వేరు వ్రాయువారు పలు ఏండ్లు కూడుచుండిన ఐ.ఆర్.సి. సర్వర్ల కూటమి. 2021 మేలో దాని యాజమాన్యమును గూర్చి తగవు వచ్చి, నడుపుచుండిన స్వచ్ఛంద కార్యకర్తలు విడిపోయి, లిబెరా చాట్ అను క్రొత్త కూటమిని స్థాపించిరి. పెక్కు చానెళ్లు వారి వెంట తరలిపోయెను. సామాన్యుడు చేయవలసిన పని యేమనగా, తన ప్రోగ్రాములో ఒక్క చిరునామా మార్చుకొనుట; క్రొత్త చోట పేరు నమోదు చేసికొనుట. అదే ప్రోగ్రాము, అవే ఆజ్ఞలు. నియమములు బహిరంగము లంటిమే, దాని ఫలము ఇది. ఊరి చెరువు ఎండిన ఊరు విడువవలెను గాని, బిందెలను, చేదలను క్రొత్తగా కొననక్కరలేదు.

ఇంతవరకు మంచి చెప్పితిమి. మన భాషకు సంబంధించిన చిక్కొకటి చెప్పవలసియున్నది. మేము మా గదిలో రెండు కంప్యూటర్ల నడుమ తెలుగున మాటలాడ యత్నించితిమి. "స్త్రీ" అని వ్రాసితిమి. అవతలి తెరపై అక్షరము ముక్కలై కనబడినది. స ఒకచోట, త ఒకచోట, క్రిందికి పోవలసిన క్రావడి ప్రక్కకు వచ్చి కూర్చున్నది. తప్పు వ్రాతలో లేదు. అదే వాక్యమును తీసి మామూలు కిటికీలో పెట్టగా చక్కగా కనబడినది. తప్పు టెర్మినల్ కిటికీ కట్టడములో నున్నది. అది గళ్లనోటు పుస్తకము వంటిది. ఒక గడికి ఒక అక్షరము. ఆంగ్లాక్షరములు గడిలో బుద్ధిగా కూర్చుండును. మన అక్షరము గుణింతముతో పైకి, వత్తుతో క్రిందికి, ప్రక్కకు పెరుగును. దానిని గడిలో కుదించుట పెక్కు టెర్మినళ్లకు చేతకాదు.

రెండవ చిక్కు నిడివికి సంబంధించినది. 1993 నాటి నియమము ప్రకారము ఒక్కొక్క సందేశము, దాని ముగింపు గుర్తులతో సహా, 512 బైట్లకు మించరాదు. ముగింపు గుర్తులకు రెండు పోగా మిగిలినవి 510. ఆంగ్లాక్షరము ఒకటి ఒక బైటు పట్టును. నేడు లోకమంతట వాడుకలో నున్న యు.టి.ఎఫ్. ఎనిమిది అను పద్ధతిలో తెలుగు గుర్తు ఒకటి మూడు బైట్లు పట్టును. హల్లు ఒక గుర్తు, గుణింతము ఒక గుర్తు, వత్తును పుట్టించు పొల్లు ఒక గుర్తు. "తెలుగు" అను మూడక్షరముల మాటలో ఆరు గుర్తులు కలవు. అనగా 18 బైట్లు. "స్త్రీ" అను ఒక్క అక్షరమునకును 18 బైట్లే. "నమస్కారము" అనుటకు 27. ఈ లెక్కన ఒక సందేశములో 170 తెలుగు గుర్తులకు మించి పట్టవు. ఆజ్ఞ, చానెలు పేరు, పంపినవారి చిరునామా కూడ అందులోనే ఇముడవలెను గనుక నిజమునకు ఇంకను తక్కువ. ఎక్కువ వ్రాసినచో వాక్యము నడుమ తెగును. ఒక గుర్తు మధ్యలో తెగినచో దాని స్థానమున ప్రశ్నార్థకము వంటి చిహ్నము కనబడును. తంతి పంపుటకు మాటలు లెక్కపెట్టుకొనిన కాలము మన పెద్దలకు జ్ఞాపకముండును. మన దేశమున తంతి 2013 జులైలో ముగిసినది. మాటలు లెక్కించు అవసరము నల్లని తెరపై నేటికిని ముగియలేదు.

దీనిని బట్టి తెలుగుపై ఎవరికో పగ కలదని తలపరాదు. సాధనమును చేసినవాడు తన యింటి అవసరమును చూచి చేయును. ఐ.ఆర్.సి. నియమములలోనే ఒక వింత కలదు. మీసముల కుండలీకరణములును, చదరపు కుండలీకరణములును ఒకే అక్షరమునకు చిన్న పెద్ద రూపములుగా అందు ఎంచబడినవి! కారణము, ఆ పద్ధతి స్కాండినేవియా ప్రాంతమున పుట్టుట. ఆనాటి ఫిన్నిష్ కీబోర్డులలో ఆ గుర్తుల చోట వారి భాషలోని చుక్కల అచ్చులు ఉండెడివి. ఒక చిన్న భాషవారు తామే కూర్చుండి సాధనమును చేసికొనిరి గనుక, వారి అచ్చులకు అందు చోటు దొరకినది. దీనికి విరుద్ధముగా 2018 ఫిబ్రవరిలో జరిగినది పలువురు ఎరుగుదురు. "జ్ఞా"ను పోలిన ఒక తెలుగు గుర్తుల కూర్పు సందేశముగా వచ్చినచో ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాములు కూలిపోయెను. ఆపిల్ కంపెనీ అదే నెలలో సవరణ పంపినది. అక్షరము నేరము చేయలేదు. అక్షరమును కూర్చు యంత్రము దానికి సిద్ధముగా లేదు, అంతియే. పాలిటెక్నిక్‌లో చదువు కుర్రవాడు నల్లని తెరపై తెలుగును వ్రాసి, అది ఏల విరిగెనో అని ఆరా తీసినచో, ఆ తల్లి దానిని కాలవ్యయమని తలపరాదు. ఆ చిక్కును విప్పవలసినవారు అట్టివారే.

ఇక అపాయముల సంగతి. వాటిని దాచుట మాకు ధర్మము కాదు. చానెలులో వ్రాసినది బజారులో పలికిన మాట. గదిలో నున్న ఎవడైనను దానిని భద్రపరచుకొనవచ్చును. ఏండ్ల తరువాత చూపవచ్చును. ఏకాంత సందేశము కూడ సర్వరు నడుపువారి చేతులమీదుగానే పోవును. సర్వరు వరకు దారిని గుప్తలిపితో కప్పు ఏర్పాటు కలదు. దానిని తప్పక వాడవలెను. ఐనను సర్వరు లోపల అది తెరచిన ఉత్తరమే. వాట్సాపు వంటి సేవలలో ఒక కొస నుండి మరియొక కొస వరకు గుప్తముగా పోవు ఏర్పాటు కలదు. ఇచట అది సహజముగా లేదు. కావున బ్యాంకు లెక్కలు, ఇంటి రహస్యములు వ్రాయు చోటు ఇది కాదు. కొన్ని కూటములలో మన ఇంటర్నెట్ చిరునామా కూడ ఇతరులకు కనబడును. దానిని కప్పిపుచ్చు ఏర్పాటును అడిగి తీసికొనవలెను. ఇచట పేర్లన్నియు మారుపేర్లే గనుక, అవతల నున్నవాడు విద్యార్థియో, వేషధారియో తెర చెప్పదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. అపరిచితుడు "ఈ వరుసను నీ టెర్మినల్‌లో కొట్టుము, వింత చూతువు" అని చెప్పినచో ఎన్నడును కొట్టరాదు. కమాండ్ లైన్ చెప్పిన పనిని చేయును గాని, "నిజముగా చేయమందువా?" అని అన్నివేళల అడుగదు. ఒక్క పొట్టి వరుసతో దస్త్రములన్నియు తుడిచిపెట్టుకొనిన క్రొత్తవారు కలరు. చెప్పినవాడు దానిని హాస్యమని నవ్వెను. అర్థము తెలియని చీటీపై సంతకము పెట్టరాదని మన పెద్దలు చెప్పునది ఇచట అక్షరాల సత్యము. ఎవరైనను డబ్బు అడిగినను, బెదిరించినను వెంటనే ఇంటివారికి చెప్పవలెను. డబ్బు పోయినచో 1930 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అది సైబరు మోసములకై మన దేశమున ఏర్పాటైన సహాయ సంఖ్య.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వత్తుము. తెర నల్లగా నుండుట చెడుకు గుర్తు కాదు. రంగులుండుట మంచికి గుర్తు కాదు. ఆ కుర్రవాడు చేయుచున్న పని, ఉత్తరములు వ్రాసికొను పాత అలవాటునకు దగ్గర చుట్టము. అతడు ఎవరితో మాటలాడుచున్నాడు అన్నది మాత్రము ఆమె అడుగదగిన ప్రశ్న. "నీ గది పేరేమి? అచట ఏ సంగతులు నడచును? నీ పేరును అచట ఏమని పెట్టుకొంటివి?" అని మూడు ప్రశ్నలు అడుగవచ్చును. తెరను లాగికొని చదువుటకంటె ఇవి మేలు. ఏలయన లాగికొనినచో అతడు రెండు ఆజ్ఞలతో మరియొక గదికి పోగలడు. అడిగినచో చెప్పగలడు.

రేడియో మీ యింట మాటలాడును. మీరు బదులు పలికినను మాకు వినబడదు. అందుకే మీ ఉత్తరములకై మేము ఎదురుచూతుము. ఆ నల్లని తెరలో ప్రతివాని చేతిలోను మైకు కలదు. అదియే దాని గొప్ప, అదియే దాని చిక్కు. ఆమె ఒకనాటి రాత్రి వంటిల్లు సర్దుకొనిన పిదప కొడుకు ప్రక్కన ఒక కుర్చీ వేసికొని కూర్చుండి, "స్లాష్ జాయిన్ అనగా నేమి నాయనా?" అని అడిగినచో, అతడు "నీకు తెలియదులే" అనజాలడు. సగము ఆమెకు అప్పుడే తెలిసియుండును. మిగిలిన సగము చెప్పవలసినది అతడు.